అమెరికాలో పుట్టిన మనవడికి హనుమకొండ ఇల్లు రాసివ్వొచ్చా?

ప్రశ్న: నమస్తే. మాది హనుమకొండ. పెళ్లయిన కొన్నేళ్లకు న్యూజెర్సీ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. నాకు అమెరికా పౌరసత్వం ఉంది, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇండియా ఇచ్చే కార్డు) కూడా ఉంది. వయసు 61. మా వారు మూడేళ్ల కింద పోయారు. అప్పటి నుంచి ఊళ్లో ఉన్న ఆస్తుల గురించే టెన్షన్. నయీంనగర్‌లో 1997లో నా పేరు మీద కొన్న ఇల్లు ఉంది, కింది పోర్షన్ అద్దెకు ఇచ్చాం. హసన్‌పర్తి దగ్గర 2010లో కొన్న 267 గజాల ప్లాటు ఉంది. వర్ధన్నపేట దగ్గర మా ఊళ్లో నాన్న నుంచి నా వాటాకు వచ్చిన 2 ఎకరాల భూమి ఉంది, పాసుపుస్తకం నా పేరు మీదే ఉంది. నాకు ఒక్కతే కూతురు, తను కూడా అమెరికా పౌరురాలే, ఓసీఐ ఉంది. దాని కొడుక్కి 7 ఏళ్లు, ఇక్కడే పుట్టాడు, వాడికింకా ఓసీఐ తీసుకోలేదు. ఇల్లు, భూమి వాడి పేరు మీద, ప్లాటు మా తమ్ముడి బిడ్డ పేరు మీద పెడదామనుకుంటున్నాను. ఆ పిల్లకు 14 ఏళ్లు, హనుమకొండలోనే తొమ్మిదో తరగతి చదువుతోంది. తమ్ముడికి వ్యాపారంలో అప్పులున్నాయి. చిన్నపిల్లల పేరు మీద ఉంటే ఎవరూ అమ్మలేరు, అప్పులవాళ్లు కూడా ముట్టుకోలేరని ఇక్కడ మావాళ్లు అంటున్నారు. 2016లో తమ్ముడికి జీపీఏ (నా తరఫున ఆస్తి వ్యవహారాలు చూసే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇచ్చాను. "నువ్వు రావాల్సిన పని లేదక్కా, నేనే సంతకం పెట్టి రాయించేస్తా" అంటున్నాడు. అలా చేయించొచ్చా? గిఫ్ట్ ఇస్తే ఇక్కడ, అక్కడ ఎంత పన్ను కట్టాలి?

సమాధానం: అక్కా, ముందు ఉన్నదున్నట్టు చెప్తాను, తర్వాత కారణాలు చెప్తాను. మనవడి పేరు మీద ఇల్లు గిఫ్ట్‌గా రాయడం కుదరదు, వాడికి ఓసీఐ కార్డు వచ్చినా కుదరదు. భూమి అయితే అసలే కుదరదు. మేనకోడలికి ప్లాటు ఇవ్వడానికి చట్టం అడ్డు రాదు, కానీ ఈ ఏడాదే ఇచ్చేయమని మాత్రం నేను చెప్పను. ఇక మీ ఉత్తరం చదువుతుంటే నాకు వీటన్నిటికంటే ఎక్కువ భయం వేసింది చివర్లో మీరు మామూలుగా రాసేసిన ఆ జీపీఏ మాట దగ్గర. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీ పేరు మీద ఉన్న ఆస్తిని మీరు తప్ప ఇంకెవరూ అమ్మలేరు. తమ్ముడి అప్పులవాళ్లు కూడా ముట్టుకోలేరు, ఎందుకంటే అప్పు అతనిది, ఆస్తి మీది. అంటే పిల్లల పేరు మీద పెట్టి మీరు తెచ్చుకుందామనుకుంటున్న రక్షణ ఇప్పటికే మీకుంది. ఆ రక్షణకు ఉన్న ఒకే ఒక్క కంత మీరిచ్చిన జీపీఏ. అందులో అమ్మే అధికారం రాసి ఉంటే, రేపు అప్పులవాళ్లు ఇంటి ముందు కూర్చున్న రోజున మీ తమ్ముడు ఎంత మంచివాడైనా ఆ కాగితం బయటికి తీయడని ఎవరూ పూచీ ఇవ్వలేరు, తీస్తే మీకు తెలిసేసరికి ప్లాటు ఇంకొకరి చేతిలో ఉంటుంది. నేను అతన్ని అనుమానించమనడం లేదు. ఇన్నేళ్లు మీ ఇల్లు చూసుకున్నది, అద్దె వసూలు చేసింది, ఇంటి పన్ను కట్టింది అతనే అయుంటాడు. కష్టంలో ఉన్న మనిషి చేతిలో అంత అధికారం పెట్టడం అతనికి కూడా మంచిది కాదు, అంతే.

జీపీఏ కాపీ తీసి చదవండి. అది రిజిస్టర్ అయి ఉంటే రద్దు కూడా రిజిస్టర్ చేయించాలి, అప్పుడే అది రిజిస్ట్రేషన్ రికార్డుల్లోకి ఎక్కుతుంది. రద్దు చేసిన సంగతి తమ్ముడికి రాతపూర్వకంగా తెలియజేయాలి, ఎందుకంటే కాంట్రాక్ట్ చట్టం ప్రకారం అధికారం పోయిందన్న సంగతి అతనికి తెలిసినప్పటి నుంచే అతని విషయంలో రద్దు అమలవుతుంది, బయటివాళ్లకు వాళ్లకు తెలిసినప్పటి నుంచి అమలవుతుంది. అందుకే చాలామంది స్థానిక పత్రికలో ఒక ప్రకటన కూడా వేయిస్తారు, మీరూ వేయించండి. ఇంటి పనులు చూడటానికి, అద్దె తీసుకోవడానికి, కరెంటు బిల్లు, పన్నులు కట్టడానికి మాత్రమే పనికొచ్చేలా ఒక చిన్న స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ మళ్లీ ఇవ్వండి, తమ్ముడు కూడా చిన్నబుచ్చుకోడు.

ఇక "నేనే సంతకం పెడతా" అన్న మాట. ఆస్తిని దానం చేసే అధికారం జీపీఏలో విడిగా, స్పష్టంగా రాసి ఉంటే తప్ప ఏజెంటు దానం చేయలేడు, "నా ఆస్తి వ్యవహారాలన్నీ చూడటానికి" అన్న మామూలు మాట దానికి సరిపోదు. పైగా మేనకోడలి గిఫ్ట్‌లో ఇచ్చేవారి తరఫున సంతకం మీ తమ్ముడిదే, పుచ్చుకునే మైనర్ బిడ్డ తరఫున సంతకం కూడా ఆమె తండ్రిగా మీ తమ్ముడిదే అవుతుంది. రెండు వైపులా ఒకే చెయ్యి ఉన్న దస్తావేజు రేపు కోర్టులో ఎవరు సవాలు చేసినా మీ కుటుంబాన్నే ఇబ్బంది పెడుతుంది. ఎప్పుడు రాయించినా మీరే వచ్చి సంతకం పెట్టండి. రావడం కుదరకపోతే తమ్ముడు కాని ఇంకో నమ్మకస్తుడికి, ఫలానా ఆస్తి, ఫలానా వ్యక్తికి దానం అని పేర్లతో సహా రాసి స్పెషల్ పవర్ ఇవ్వండి. అమెరికాలో అయితే ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించాలి, లేదంటే నోటరీ చేయించి అపోస్టిల్ (కాగితం అసలైనదేనని విదేశాల్లో చెల్లేలా అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) తీసుకోవాలి. ఆ కాగితం ఇండియా చేరిన 3 నెలల లోపు ఇక్కడ స్టాంప్ డ్యూటీ కట్టించాలి. ఈ 3 నెలల సంగతి మరిచిపోయి కొరియర్ కవర్ బీరువాలో పడేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇప్పుడు మనవడి సంగతి. ఇచ్చేది అమ్మమ్మ, పుచ్చుకునేది సొంత కూతురి కొడుకు, మధ్యలో ప్రభుత్వానికేం పని అని మీకనిపించొచ్చు. విదేశాల్లో ఉండేవాళ్ల చేతిలో ఇండియాలోని ఆస్తులు ఎలా ఉండాలో ఫెమా (విదేశీ మారక ద్రవ్య నిర్వహణ) చట్టం చెప్తుంది, దాని కింద 2019లో వచ్చిన రూల్స్ ఇప్పుడు నడుస్తున్నాయి. ఓసీఐ ఉన్నవాళ్లు ఇల్లు, ప్లాటు, ఫ్లాటు కొనుక్కోవచ్చు, బంధువు దగ్గర గిఫ్ట్‌గా పుచ్చుకోవచ్చు. బంధువు ఎవరో చెప్పడానికి ఆ రూల్స్ కంపెనీల చట్టంలోని జాబితాను తీసుకున్నాయి. అందులో భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లు ఉన్నారు. ఉమ్మడి హిందూ కుటుంబ సభ్యులు కూడా ఉన్నారు. కూతురి కొడుకు ఇందులో ఎక్కడా రాడు. అందుకే విదేశంలో ఉండే మీరు, విదేశంలో ఉండే మీ మనవడికి ఇల్లు గిఫ్ట్ ఇవ్వలేరు. ఓసీఐ లేని ఇప్పటి పరిస్థితిలో అయితే వాడు చట్టం దృష్టిలో పూర్తిగా విదేశీయుడు, వాడికి ఏ గిఫ్టూ కుదరదు. తల్లికి, అమ్మమ్మకు ఓసీఐ ఉంది కాబట్టి పిల్లాడికి దానంతటదే వచ్చేయదు, విడిగా అప్లై చేయాలి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో చూసేది ఆస్తి కాగితాలు, స్టాంప్ డ్యూటీ, నిషేధిత జాబితా, సాక్షులు, వేలిముద్రలు. ఫెమాలో బంధువుల జాబితా ఎవరూ తీసి చూడరు. డాక్యుమెంట్ రైటర్ రాసేస్తాడు, రిజిస్టర్ అయిపోతుంది, స్కాన్ కాపీ చేతికొస్తుంది, అంతా సవ్యంగా జరిగిందనుకుంటారు. ఫెమా ఉల్లంఘన అలాగే ఉండిపోతుంది. దానికి సంబంధిత మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేసే అధికారం ఉంది. రేపు మనవడు పెద్దవాడై ఇల్లు అమ్మి ఆ డబ్బు అమెరికా తెచ్చుకోవాలనుకున్న రోజున బ్యాంకు "ఈ ఆస్తి మీకెలా వచ్చింది" అని అడుగుతుంది, ఆ ప్రశ్నకు వాడి దగ్గర జవాబుండదు. అప్పటికి మీరు పక్కన ఉంటారో లేదో. రిజిస్టర్ అయింది కదా అన్న ధైర్యంతో ఈ పని చేయకండి, అక్కా.

భూమి విషయంలో చట్టం ఇంకా గట్టిగా ఉంది. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోటల్లాంటివి ఓసీఐ వాళ్లు కొనలేరు, గిఫ్ట్‌గా కూడా పుచ్చుకోలేరు, ఇచ్చేది సొంత తల్లయినా సరే. వారసత్వంగా మాత్రం రావచ్చు. మీ దగ్గర ఆ 2 ఎకరాలు చట్టబద్ధంగా ఉన్నాయంటే కారణం అదే, అవి మీకు నాన్న నుంచి వారసత్వంగా వచ్చాయి. మీరు వాటిని ఇండియాలో ఉండే భారతీయులకు అమ్మొచ్చు, గిఫ్ట్ ఇవ్వొచ్చు. మీ కూతురికి గానీ మనవడికి గానీ గిఫ్ట్ ఇవ్వలేరు.

మరి ఊరితో ఆ పిల్లాడికి ఏ బంధమూ మిగలదా అంటే, మిగులుతుంది, వీలునామాతో. వారసత్వంగా వచ్చే ఆస్తిని ఫెమా వేరుగా చూస్తుంది. ఓసీఐ ఉన్న వ్యక్తికి మీలాంటి ఓసీఐ వాళ్లు చట్టప్రకారం సంపాదించుకున్న ఇల్లే కాదు, వ్యవసాయ భూమి కూడా వారసత్వంగా రావచ్చు, వీలునామా ద్వారా కూడా రావచ్చు. ఇందులో కూతురి కొడుకా, కొడుకు కొడుకా అన్న లెక్క అడ్డురాదు. కానీ ఆ పిల్లాడికి ఓసీఐ ఉండాలి. ఓసీఐ లేని విదేశీ పౌరుడికి విదేశంలో ఉండే అమ్మమ్మ నుంచి ఆస్తి రావాలంటే రిజర్వ్ బ్యాంకు అనుమతుల దాకా పోవాల్సి వస్తుంది. కాబట్టి మనవడి కోసం మీరు చేయాల్సిన మొదటి పని గిఫ్ట్ డీడ్ కాదు, ఓసీఐ అప్లికేషన్. అది ఈ నెలలోనే పెట్టించండి.

వీలునామాలో మీకు ఇంకా లాభాలున్నాయి. మీరు బతికున్నంత కాలం ఇల్లు మీదే, అద్దె మీదే, రేపు మీ ఆరోగ్యానికి డబ్బు కావాల్సి వస్తే అమ్ముకునే హక్కు మీదే. మనసు మారితే వీలునామా మార్చుకోవచ్చు. గిఫ్ట్ అలా కాదు, ఒకసారి రిజిస్టర్ అయి, పుచ్చుకున్నవాళ్లు అంగీకరించాక, ఇచ్చినవారికి ఇష్టం లేకుండా పోయిందని వెనక్కి రాదు. కేరళలో ఒక తల్లి మైనర్ పిల్లలకు ఆస్తి గిఫ్ట్ రాసి, తర్వాత రద్దు చేసుకుంటే, ఆ రద్దు చెల్లదని 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లల తరఫున అంగీకారం ఉన్నట్టే భావించాలంది. ఇక్కడ మీలాంటివాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. ఆస్తి రాయించుకుని చూడకుండా వదిలేస్తే ఆ దానాన్ని రద్దు చేయించుకునే వీలు 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టంలో ఉంది కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఆ చట్టంలో సీనియర్ సిటిజన్ అంటే 60 దాటిన భారత పౌరులు. మీరు అమెరికా పౌరురాలు, ఆ తలుపు మీకు తెరుచుకోదు.

పన్ను కోణంలో కూడా మీ కుటుంబానికి వీలునామాయే మేలు. మీరు బతికుండగా గిఫ్ట్ ఇస్తే, రేపు అమ్మినప్పుడు అమెరికా లెక్కలో మీరు 1997లో కొన్న ధరనే పుచ్చుకున్నవాళ్ల ఖరీదుగా తీసుకుంటారు, నయీంనగర్‌లో అప్పటి ధరకూ ఇప్పటి ధరకూ ఉన్న తేడా మీకు తెలుసు, ఆ తేడా మొత్తం లాభం కింద లెక్కకొస్తుంది. అదే మీ తదనంతరం వీలునామా ద్వారా వస్తే, మీరు పోయిన నాటి మార్కెట్ విలువనే ఖరీదుగా తీసుకుంటారు, అమెరికా పన్ను చాలా మటుకు తగ్గిపోతుంది. ఇండియాలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది, వారసత్వంగా వచ్చినందుకు ఇక్కడ పన్ను లేదు. అమ్మినప్పుడు మాత్రం ఇక్కడ వారసులకు కూడా మీ పాత ఖరీదే లెక్క, 2001కి ముందు కొన్నది కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు. 1997 నాటి సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, ఇంటికి చేయించిన కట్టుబడి రసీదులు ఏమున్నా జాగ్రత్త చేసి కూతురికి చూపించండి.

వీలునామా రాసేటప్పుడు రెండు మూడు సంగతులు. ఇండియా ఆస్తులకు ఇండియాలోనే విడిగా ఒక వీలునామా రాయించండి, ఇద్దరు సాక్షులు ఉండాలి, ఆస్తి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయిస్తే మంచిది. న్యూజెర్సీలో మీకు ఇంకో వీలునామా ఉండే ఉంటుంది, లేదా రేపు రాస్తారు. అక్కడి లాయర్లు మామూలుగా మొదటి లైన్లోనే "ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు" అని పెడతారు, ఆ ఒక్క వాక్యంతో మీ హనుమకొండ వీలునామా ఎగిరిపోతుంది, కాబట్టి ఇండియా వీలునామాకు ఇది వర్తించదని అందులో రాయించుకోండి. మనవడికి 18 రాగానే మొత్తం చేతికి రావడం మీకు ఇష్టం లేకపోతే, 25 దాకా నీ తల్లి చూసుకుంటుంది, అద్దె నీ చదువుకు వాడాలి అని వీలునామాలోనే ట్రస్టు రూపంలో రాయొచ్చు. గిఫ్ట్ డీడ్‌లో "25 ఏళ్ల దాకా అమ్మకూడదు" అని ఒక లైను రాసేసి సరిపెట్టుకుంటారు చాలామంది. ఇచ్చిన ఆస్తిని అమ్ముకోకుండా పూర్తిగా కట్టడి చేసే షరతు ఆస్తి బదిలీ చట్టం ముందు నిలబడదు.

ఇప్పుడు మేనకోడలు. విచిత్రంగా అనిపించొచ్చు గానీ, సొంత మనవడికి ఇవ్వలేని మీరు ఈ పిల్లకు ఇవ్వగలరు. ఇండియాలో ఉండేవాళ్లకు మీరు ఏ ఆస్తినైనా ఇవ్వొచ్చు, అక్కడ ఆ బంధువుల జాబితా లెక్కలోకి రాదు. ఆదాయపు పన్ను కూడా లేదు, ఎందుకంటే ఆ చట్టంలో బంధువుల జాబితా వేరు, అందులో తండ్రి అక్కాచెల్లెళ్లు ఉన్నారు కాబట్టి మేనత్త ఇచ్చిన ఆస్తి మీద పిల్లకు పన్ను పడదు. మైనర్ కావడం కూడా అడ్డం కాదు, మైనర్ సొంతంగా ఒప్పందాలు చేసుకోలేదు గానీ దానం పుచ్చుకోగలదు, ఆమె తరఫున పెద్దవాళ్లు అంగీకరిస్తే చాలు.

కానీ తర్వాత ఏమవుతుందో చూడండి. ప్లాటు బిడ్డ పేరు మీదికి వచ్చాక, 18 నిండేదాకా దాన్ని అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా, 5 ఏళ్లు దాటి లీజుకివ్వాలన్నా తల్లిదండ్రులు జిల్లా కోర్టు అనుమతి తీసుకోవాలి. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 1956లోని 8వ సెక్షన్ ఇది చెప్తుంది. బిడ్డ అవసరానికో, బిడ్డకు స్పష్టమైన లాభం ఉంటేనో తప్ప కోర్టు ఒప్పుకోదు, ఒప్పుకున్నా ఆ డబ్బు బిడ్డ పేరున డిపాజిట్ చేయమనడం మామూలే. మీవాళ్లు "ఎవరూ అమ్మలేరు" అన్నది దీన్ని చూసే. అందులో సగమే నిజం. అనుమతి లేకుండా అమ్మితే ఆ అమ్మకం పుట్టుకతోనే చెల్లనిది కాదు, బిడ్డ సవాలు చేస్తే పోయేది. అంటే 18 నిండాక 3 ఏళ్లలోపు ఆ పిల్ల సొంత తండ్రి మీద, కొన్నవాళ్ల మీద దావా వేయాలి. ఒక ఆడపిల్ల డిగ్రీ చదువుతూ నాన్న చేసిన అమ్మకాన్ని రద్దు చేయమని అదాలత్ మెట్లెక్కాల్సి రావడం, ఇంట్లో అమ్మ ఒకవైపు, నాన్న ఒకవైపు అవడం మీరు కోరుకుంటున్నారా? మీరు ప్రేమతో ఇచ్చిన 267 గజాల జాగ ఆ పిల్ల మీద అంత బరువు పెట్టొద్దని నా కోరిక. పేరు బిడ్డదైనా కాగితాలు ఉండేది తండ్రి బీరువాలోనే, అతను అప్పుల్లో ఉన్నాడని మీరే రాశారు.

ఇంకో వైపు నుంచి కూడా చూడండి. నిజంగా ఆ పిల్ల చదువుకే డబ్బు కావాల్సి వచ్చినా ఈ ప్లాటు వెంటనే అక్కరకు రాదు, కోర్టు అనుమతి లేకుండా ఏ బ్యాంకూ తనఖా పెట్టుకోదు. అప్పుడు ఇవ్వాలని ఉండి కూడా మీరేమీ చేయలేరు, ఎందుకంటే ఆస్తి మీది కాదు.

అందుకే నా మాట ఇది. నాలుగేళ్లు ఆగండి. ఈలోపు వీలునామాలో ప్లాటు ఆ పిల్ల పేరున రాసిపెట్టండి, మీకేమైనా అయినా ఆమెకే వస్తుంది. 18 నిండాక మీరు వచ్చి గిఫ్ట్ డీడ్ రాయించి, ఆమె చేతే అంగీకారం సంతకం పెట్టించండి. అప్పటికి ఆమె ఇంజినీరింగో మరొకటో చదువుతుంటుంది, తన ఆస్తి ఏమిటో తెలుసుకునే వయసు. తర్వాత చదువుకోవడానికి విదేశం పోయినా ఇండియాలో ఉన్నప్పుడు వచ్చిన ఆస్తి కాబట్టి అలాగే ఉంచుకోవచ్చు.

లేదు, ఇప్పుడే ఇవ్వాలి, నాలుగేళ్ల మీద నమ్మకం లేదు అని మీరనుకుంటే, దాన్ని కూడా నేను అర్థం చేసుకోగలను, మీవారు పోయిన తర్వాత మనిషికి అలా అనిపిస్తుంది. అప్పుడు ఇలా చేయండి. బిడ్డ తరఫున మీ మరదలు, అంటే ఆ పిల్ల తల్లి అంగీకారం సంతకం పెట్టేలా చూడండి. దస్తావేజులో పిల్ల పుట్టిన తేదీ, ఫలానా తేదీకి మేజర్ అవుతుందన్న సంగతి స్పష్టంగా రాయించండి. ఇద్దరు సాక్షులు కావాలి. కుటుంబ సభ్యులకు ఇచ్చే గిఫ్ట్‌కు స్టాంప్ డ్యూటీ రేటు వేరు, మేనకోడలు ఏ రేటు కింద వస్తుందో స్లాట్ బుక్ చేసే ముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి రాయించుకోండి. పిల్లకు పాన్ కార్డు తీయించండి, మైనర్లకు కూడా ఇస్తారు. రిజిస్ట్రేషన్ అయ్యాక మున్సిపల్ రికార్డుల్లో ఖాళీ స్థలం పన్ను ఆమె పేరు మీదికి మార్పించి, అసలు దస్తావేజు మీ దగ్గరో, పుట్టింటి పెద్దల్లో ఇద్దరూ గౌరవించే మనిషి దగ్గరో ఉంచండి. ప్లాటుకు ప్రహరీ లేకపోతే కట్టించండి, అటువైపు ఖాళీ జాగలు ఎంత త్వరగా కబ్జా అవుతాయో మీ తమ్ముడిని అడిగినా చెప్తాడు.

ఇక మీరు అడిగిన అమెరికా పన్ను. మీరు అక్కడి పౌరురాలు కాబట్టి ఆస్తి హసన్‌పర్తిలో ఉన్నా అక్కడి గిఫ్ట్ టాక్స్ లెక్క మీకు వర్తిస్తుంది. 2026లో ఒక మనిషికి ఏడాదికి 19,000 డాలర్ల దాకా ఇచ్చినదానికి ఏమీ చూపించక్కర్లేదు. ప్లాటు విలువ అది దాటుతుంది కాబట్టి తర్వాతి ఏడాది ఏప్రిల్ 15 లోపు ఫారం 709 (అక్కడి గిఫ్ట్ టాక్స్ రిటర్న్) వేయాలి. డబ్బు కట్టాల్సిన అవసరం దాదాపు రాదు, జీవితకాల మినహాయింపు 2026 నుంచి కోటిన్నర డాలర్లు, అందులోంచి ఆ మొత్తం తగ్గుతుందంతే. కానీ ఫారం మానేయకండి. అందులో వేయాల్సింది రిజిస్ట్రేషన్ ఆఫీసు ప్రభుత్వ విలువ కాదు, నిజమైన మార్కెట్ విలువ, కాబట్టి ఇక్కడ ఒక రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత రిపోర్టు రాయించుకుని వెళ్లండి. ఇండియాలో అయితే గిఫ్ట్ ఇచ్చినందుకు మీకు క్యాపిటల్ గెయిన్స్ పడదు. పిల్ల మైనర్‌గా ఉండగా ఆ ఆస్తి మీద వచ్చే ఏ ఆదాయమైనా తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవారి లెక్కలో కలుస్తుంది, ఖాళీ ప్లాటు కాబట్టి ప్రస్తుతానికి ఏమీ ఉండదు.

ఇల్లు కూతురికి గిఫ్ట్ ఇవ్వొచ్చా అని మీరు అడగలేదు గానీ, ఈ ఉత్తరం చదివాక తప్పకుండా మనసులో వస్తుంది. ఇవ్వొచ్చు, కూతురు జాబితాలో ఉంది, తనకు ఓసీఐ ఉంది. కానీ పైన చెప్పిన అమెరికా ఖరీదు లెక్క వల్ల అది తనకు నష్టం. మీకు ఇప్పుడు ఆ ఇంటి మీద హక్కు వదులుకోవాల్సిన అవసరం కూడా నాకు కనిపించలేదు. ఒకవేళ ఎప్పుడైనా రాయాలనుకుంటే, జీవితాంతం అక్కడ ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు నాకే అని రాసుకుని ఇవ్వండి. అలా ఉంచుకున్నంత మాత్రాన గిఫ్ట్ చెల్లకుండా పోదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది.

భూమి గురించి చివరిగా ఒకటి. తెలంగాణలో భూమి రికార్డులకు 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చాక రికార్డుల్లో చాలా మార్పులు జరిగాయి. పాసుపుస్తకం నా పేరు మీదే ఉంది అన్న ధీమాతో ఉండకుండా సర్వే నంబరు, విస్తీర్ణం, మీ పేరు ఇప్పుడు ఆన్‌లైన్‌లో సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. ఒక్క గుంట తేడా ఉన్నా తహసీల్దార్ ఆఫీసులో ఇప్పుడే సరిచేయించండి, మీరు బతికుండగా ఒక దరఖాస్తుతో అయ్యే పని, మనవడి కాలానికి న్యూజెర్సీ నుంచి ఎవరూ తిరగలేని పని అవుతుంది. ఊరికి వచ్చినప్పుడు పిల్లాడిని కూడా వెంట తెచ్చి ఆ భూమి హద్దులు చూపించండి. తమ్ముడిని కూడా రమ్మనండి, జీపీఏ రద్దు సంగతి అతనికి నోటీసులో కాకుండా ముందు మీ నోటి వెంట తెలియాలి.